అరవై మూడు శాతం దగ్గర ఎంక్వైరీ

ఇంట్లో ఏ వస్తువు చెడిపోయినా సరే, దాన్ని బాగుచెయ్యడానికి ముందు "దీన్ని ఎవరు ముట్టుకున్నారు?" అని విచారణ జరపకుండా ఉండలేకపోవడం ఎంక్వైరీ బాబాయికి ఉన్న ఒకే ఒక్క జబ్బు. తక్కిన విషయాల్లో మనిషి బంగారం. లిఫ్టుల కంపెనీలో ఇరవై మూడేళ్లుగా మెకానిక్కు. పనికి ఒక్కరోజూ ఆలస్యంగా వెళ్లి ఎరగడు, ఒకరి జోలికి పోయి ఎరగడు. కానీ గోడ గడియారం రెండు నిమిషాలు వెనకబడిందంటే చాలు, ఇంటిల్లిపాదినీ హాల్లో వరసగా నిలబెట్టి, పట్టపగలైనా జేబులోంచి టార్చిలైటు తీసి వెలిగించి, ఒక్కొక్కరి మొహం మీదా కొట్టి మరీ అడుగుతాడు.

ఓసారి ఆయన చొక్కా గుండీ ఊడింది. చొక్కా ఆయన ఒంటి మీదే ఉంది, పొద్దుట్నించీ విప్పలేదు. అయినా అడిగాడు.

"దీన్ని ఎవరు ముట్టుకున్నారు?"

"మీరే కదండీ తొడుక్కున్నారు," అంది పిన్ని.

"తొడుక్కోవడం వేరు, ముట్టుకోవడం వేరు," అన్నాడు బాబాయి టార్చి వెలిగిస్తూ.

నాలుగో అంతస్తులో ఆ గొంతు లేచిందంటే కింద సైకిలు తుడుచుకుంటున్న వాచ్‌మన్‌కి వినిపిస్తుంది. "ఎంక్వైరీ మొదలైంది" అనుకుని అతను మళ్లీ తుడుచుకుంటాడు. అలా ఆ పేరు వీధంతా పాకి, అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

ఇరవై ఏళ్లుగా ఆ ప్రశ్న వింటున్న పిన్నికి అది చెవినపడగానే ఒళ్లు మండుతుంది. అయితే ప్రశ్న కన్నా ఎక్కువ మండించేది తీర్పు. ఇంత గొడవ చేసి, ఇంతమందిని నిలబెట్టి, సాయంత్రానికి ఆయన తేల్చేది ఏమీ ఉండదు. అత్తగారి రేడియో మూగబోయినప్పుడు మూడు గంటలు విచారించి "గాల్లో తేమ" అన్నాడు. టీ కాచుకునే కరెంటు కెటిల్ అడుగు మాడిపోతే "పుట్టుకతోనే బలహీనం" అన్నాడు. టీవీ రిమోట్ విషయంలో దోషి బొద్దింక. ఇరవై ఏళ్లలో ఒక్కటంటే ఒక్క కేసు సరిగ్గా తేల్చిన పాపాన పోలేదు. తేల్చడం చేతకానప్పుడు ఆ అరుపులెందుకు, ఆ టార్చి ఎందుకు, బాగుచేసి ఊరుకోవచ్చుగా అని పిన్ని బాధ. ఆ మాట ఎన్నోసార్లు మొహం మీదే అంది. ఆయనకి చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు.

ఇక ఆ ఇంటి కంప్యూటర్ సంగతి. అది కొన్నది కాదు, బాబాయి స్వయంగా కట్టింది. పాడుబడ్డ లిఫ్టు తాలూకు ఇనప కంట్రోల్ పెట్టెలో మదర్‌బోర్డు బిగించాడు. ఫ్యాను ఎక్కడిదో, తీగలు ఎక్కడివో దేవుడికే తెలియాలి. పెట్టెకి ఒకవైపు తలుపు లేదు. "గాలి ఆడాలి" అంటాడు. అన్నిటికన్నా అన్యాయం ఏమిటంటే దాన్ని ఆన్ చేసే బటను. అది అచ్చం లిఫ్టు బటనే. గుండ్రంగా, ఉబ్బెత్తుగా, మీద 'జి' అన్న ఇంగ్లీషు అక్షరంతో ఉంటుంది. దాన్ని బల్ల అంచు కింద లోపలివైపు బిగించాడు. గ్రౌండ్ ఫ్లోర్ నొక్కితే కంప్యూటర్ లేస్తుంది, నొక్కి పట్టుకుంటే పడుకుంటుంది.

"అందరిలా దుకాణంలో కొంటే ఏం పోయిందండీ?" అని పిన్ని ఎన్నిసార్లు అడిగిందో.

"కొన్నదాని కడుపులో ఏముందో నీకేం తెలుసు? దీంట్లో ప్రతి స్క్రూ నాకు తెలుసు."

"స్క్రూలకి మీరు తెలిస్తే బాగుండు," అనేది పిన్ని.

ఆమె కోపం ఉత్తినే కాదు. ఆ లిఫ్టు పెట్టె మీదే ఆమె పని నడుస్తోంది. ఒక ప్రెస్సుకి ఇంట్లోంచే పేజీలు కట్టి ఇస్తుంది. ఏడేళ్లపాటు కరపత్రాలు, రసీదు పుస్తకాలు, శుభలేఖలు కట్టి కట్టి విసిగిపోయాక మొట్టమొదటిసారి ఒక అసలైన పుస్తకం చేతికొచ్చింది. నర్సింగ్ చదివేవాళ్లకి పాఠ్యపుస్తకం, మూడువందల పన్నెండు పేజీలు. మూడు నెలలు నడుం విరిగేలా కూర్చుని కట్టింది. రెండో పేజీలో అడుగున చిన్న అక్షరాల్లో "పేజీల కూర్పు" అని రాసి ఉంటుంది, దాని పక్కన ఆమె పేరు ఉంటుంది. ఆ ఒక్క లైనూ ఆమె రోజుకోసారి తెరిచి చూసుకునేది.

శనివారం సాయంత్రం ఐదింటికల్లా పేజీలు పంపాలి. ప్రెస్సాయన ముందే తెగేసి చెప్పాడు. "ఐదు దాటితే మాత్రం నేనేం చెయ్యలేనమ్మా. పాత ప్రూఫు పట్టుకుని ఇంకొకళ్ల చేత కట్టించుకుంటాను. తరవాతి పుస్తకాలు కూడా వాళ్లకే వెళ్తాయి." 

అలాంటి శనివారం పొద్దున తొమ్మిదింటికి, చివరి నాలుగు దిద్దుబాట్లు చేసుకుందామని టీ కప్పు పట్టుకుని పిన్ని హాల్లోకొస్తే, తెర నిండా నీలం రంగు. మధ్యలో ఒక చక్రం తిరుగుతోంది. దాని కింద "అప్‌గ్రేడ్ అవుతోంది, నలభై ఒక్క శాతం. కంప్యూటర్‌ను ఆపవద్దు" అని ఉంది. పక్కనే చేతులు కట్టుకుని బాబాయి.

"ఏమిటిది?" అంది పిన్ని.

"కొత్త ఆపరేటింగ్ సిస్టమ్. పాతది ముసలిదైపోయింది. నీకు పేజీలు పంపేటప్పుడు నెమ్మదిస్తోందన్నావుగా, పంపే ముందే మార్చేస్తే హాయిగా ఉంటుందని."

"నేను మార్చమన్నానా?"

"నెమ్మదిగా ఉందన్నావు."

"నెమ్మదిగా ఉందంటే ఇవాళే మార్చమనా? ఇవాళ ఐదింటికి నా పుస్తకం వెళ్లాలి. మూడు నెల్లుగా చెబుతున్నాను, గోడకి చెప్పినా ఈపాటికి వినేది."

"నలభై నిమిషాల్లో అయిపోతుంది."

"నా కాపీ పెట్టుకున్న పెన్‌డ్రైవ్ ఏదీ?"

బాబాయి చూపు కంప్యూటర్ వెనక్కి మళ్లింది. పిన్ని కూడా అటు చూసింది. ఎర్ర పెన్‌డ్రైవ్ అక్కడ గుచ్చి ఉంది.

"కొత్త సిస్టమ్ ఎక్కించడానికి ఒకటి కావాల్సొచ్చింది," అన్నాడు. "అందులోవన్నీ ముందు డిస్కులోకి మార్చాకే ఖాళీ చేశాను. ఎక్కడికీ పోవు."

అంటే మూడు నెలల కష్టానికి ఇప్పుడు ఆ లిఫ్టు పెట్టె తప్ప ఇంకో దిక్కు లేదన్నమాట. పిన్నికి కోపం నషాళానికంటింది. కుర్చీలో కూలబడి, కదలని టీ కప్పుని, కదిలీ కదలని అంకెల్ని మార్చి మార్చి చూస్తూ కూర్చుంది. యాభై. యాభై ఏడు. ఈలోగా సెలవులో ఉన్న బాబాయికి కంపెనీ నుంచి ఫోనొచ్చింది, ఎక్కడో ఎవరో లిఫ్టులో ఇరుక్కున్నారట. ఆయన బాల్కనీలోకి వెళ్లి "భయపడకండి, ఏ బటనూ నొక్కకండి" అని అవతలివాళ్లకి ధైర్యం చెప్పడం మొదలుపెట్టాడు. ఊళ్లోవాళ్లందరికీ ధైర్యం చెబుతాడు, కట్టుకున్నదాని గుండెల్లో మాత్రం రాయి వేస్తాడు అనుకుంది పిన్ని. అరవై మూడు. ఇంక చూడలేక లేచి, కుర్చీని ఎప్పటికన్నా విసురుగా ఒక్క తోపు తోసి, విసవిసా వంటింట్లోకి వెళ్లిపోయింది.

గిన్నెలు పగిలేలా తోముతుంటే రెండు నిమిషాలకి బాల్కనీ తలుపు చప్పుడైంది. తరవాత కుర్చీ కాళ్లు నేలకి గీసుకున్న మోత. ఆ తరవాత నాలుగు అంతస్తులు దిగిపోయే కేక.

"దీన్ని ఎవరు ముట్టుకున్నారు?"

పిన్ని చేతిలో గిన్నె జారిపోయింది. పరుగెత్తుకొచ్చి చూస్తే నీలం రంగు లేదు, చక్రం లేదు, శాతం లేదు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలతో ఒకే ఒక్క వాక్యం ఉంది. ఆపరేటింగ్ సిస్టమ్ దొరకలేదు అని దాని తాత్పర్యం.

"నా పుస్తకం," అంది పిన్ని.

"అందరూ హాల్లోకి రండి," అన్నాడు బాబాయి టార్చి తీస్తూ.

పూజగదిలో ఉన్నంత మనశ్శాంతితో పేపరు చదువుకుంటున్న అత్తగారు వచ్చి నిలబడింది. కాలేజీ లేదని ముసుగు తన్ని పడుకున్న కూతురు దుప్పటితో సహా వచ్చి నిలబడింది. 

"అమ్మా, తొమ్మిదీ పది నుంచి తొమ్మిదీ పావు దాకా నువ్వెక్కడున్నావు?"

"పేపర్లో ఉన్నాన్రా."

"ఏ పేజీ?"

"చావు కబుర్లు. మన దూరపు చుట్టం ఒకాయన పోయాట్ట."

"మాట మార్చకు. దుమ్ము దులిపే కర్ర నీ చేతికి ఎందుకొచ్చింది?"

"అది కర్ర కాదురా, నా చేతికర్ర."

టార్చి కూతురి మీదికి తిరిగింది. "నువ్వు?"

"నిద్రపోతున్నా నాన్నా."

"సాక్షులున్నారా?"

"నిద్రపోయేవాళ్లకి సాక్షులెవరుంటారు నాన్నా?"

"అదే నా అనుమానం," అన్నాడు బాబాయి. తరవాత టార్చి గోడ మీదికెక్కి, అక్కడున్న బల్లి మీద ఆగింది. దాన్ని కూడా నిమిషంపాటు నిలదీశాడు. పిన్నిని మాత్రం ఒక్క ప్రశ్న అడగలేదు. అడిగితే ఏమవుతుందో తెలిసే భయపడ్డాడని ఆమె అనుకుంది. భయపడాల్సిందే మరి.

"విచారణ చాలించండి," అంది పళ్లు పటపటా కొరుకుతూ. "ముట్టుకుంది ఎవరో నేను చెబుతా. పొద్దున్నే లేచి దీన్ని కెలికింది మీరు. నా కాపీ తుడిచేసింది మీరు. నలభై నిమిషాలన్నది మీరు. దొంగని ఎదురుగా పెట్టుకుని బల్లిని అడుగుతారేంటి? నా పుస్తకం పోయిందంటే ఈ పెట్టెని బాల్కనీలోంచి కిందకి తోస్తాను. లిఫ్టు పెట్టేగా, దిగడం దానికి అలవాటే."

బాబాయి నేల మీద కూర్చుని స్క్రూడ్రైవర్ తీశాడు. "భయపడకండి, నేనొచ్చాను," అన్నాడు. అది తనతో కాదు, కంప్యూటర్‌తో అని పిన్నికి కాసేపటికి గాని తెలియలేదు. తెలిశాక ఇంకా మండింది.

మొదట మెమరీ పలకల్ని ఊడదీసి, కూతురి పెన్సిల్ రబ్బరు తెప్పించి, వాటి అంచుల్ని పసిపిల్లకి ఒళ్లు రుద్దినట్టు రుద్దాడు. తిరిగి పెట్టి 'జి' నొక్కాడు. అదే వాక్యం. తీగలన్నీ పీకి మళ్లీ గుచ్చాడు. అదే వాక్యం. ఎర్ర పెన్‌డ్రైవ్‌తో మొదలుపెట్టి "రిపేరు చెయ్యి" అన్న దాన్ని ఎంచుకున్నాడు. చుక్కలు గుండ్రంగా తిరగడం మొదలైంది. పదకొండు దాకా తిరిగి, రిపేరు చెయ్యలేకపోయానని చెప్పింది. "పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్లు" అన్నది నొక్కాడు. పన్నెండు దాకా తిరిగి, వెనక్కి వెళ్లలేనంది. ముందుకీ పోదు, వెనక్కీ రాదు. రెండు అంతస్తుల మధ్య ఇరుక్కున్న లిఫ్టులా ఉండిపోయింది.

"ఇలాంటివి నేను రోజూ చూస్తాను," అన్నాడు బాబాయి.

"లిఫ్టులో ఇరుక్కున్నవాళ్లని చూస్తారు. వాళ్లని ఇరికించినవాణ్ణి అద్దంలో చూసుకోండి," అంది పిన్ని.

పన్నెండున్నరకి ప్రెస్సాయన ఫోను చేశాడు. "ఎంతవరకూ వచ్చిందమ్మా?"

"అయిపోయిందండీ, చివరి చూపు చూస్తున్నాను," అంది పిన్ని. ఆ మాట అంటుంటే తన నోట్లో తనకే మట్టి కొట్టుకున్నట్టయింది. ఫోను పెట్టేసి వెనక్కి తిరిగితే హాల్లోంచి టంగుటంగుమని సుత్తి చప్పుడు.

వెళ్లి చూసింది. కంప్యూటర్ విప్పదీసి నేల మీద పరిచి ఉంది. బాబాయి బల్ల కింద వెల్లకిలా పడుకుని, నోట్లో మేకులు పెట్టుకుని, బల్లకి ఏదో చెక్కముక్క కొడుతున్నాడు.

"ఏం చేస్తున్నారు?"

"బల్ల ఊగుతోంది," అన్నాడు మేకుల మధ్యలోంచి.

"నా బతుకు ఊగుతోందండీ. బల్ల ఊగితే ఏం, విరిగితే ఏం? ఇల్లు తగలబడుతుంటే గుమ్మానికి రంగు వేస్తారా ఎవరైనా?"

"రెండు మేకులే."

"అత్తయ్యా, చూడండి మీ అబ్బాయిని," అంది పిన్ని ఏడవలేక. 

"వాడికి చిన్నప్పట్నించీ అంతేనమ్మా," అంది అత్తగారు చేతికర్రని కుర్చీ వెనక దాచేస్తూ. అప్పటికే ఆ కర్ర మీద రెండుసార్లు టార్చి పడింది.

మధ్యాహ్నం ఒంటిగంట దాటాక బాబాయి నిచ్చెన వేసుకుని అటక ఎక్కాడు. దుమ్ము, సాలీళ్లు, పాత చెప్పులు అన్నీ హాల్లోకి వర్షంలా కురిశాయి. చివరికి పాత పౌడరు డబ్బా అంత డిస్కొకటి పట్టుకుని దిగాడు. నాలుగేళ్ల కిందట ఈ కంప్యూటర్‌కి ఉన్న మొదటి డిస్కు అది. పాత ఆపరేటింగ్ సిస్టమ్, పేజీలు కట్టే ప్రోగ్రామ్ అందులో అలాగే ఉన్నాయట. 

"దీన్ని పారేయమని నేను వందసార్లు అన్నాను," అంది పిన్ని.

"అన్నావు."

ఆయన అంతకుమించి ఏమీ అనకపోవడం కూడా ఆమెకి కోపమే తెప్పించింది. పాత డిస్కు తగిలించి 'జి' నొక్కాడు. పెట్టె మూలిగింది, గరగరలాడింది, ఫ్యాను తుమ్మింది. రెండు నిమిషాలకి నాలుగేళ్ల కిందటి తెర వచ్చింది, దాని మీద పళ్లూడిన వయసులో తీసిన కూతురి ఫోటోతో సహా. పక్కన రెండో డిస్కుగా ఇవాళ చచ్చినది కనిపించింది. దాన్ని తెరిచి లోపలికి, ఇంకా లోపలికి వెళ్తుంటే పిన్ని కళ్లు గట్టిగా మూసుకుంది.

"చూడు," అన్నాడు బాబాయి.

నర్సింగ్ అన్న ఫోల్డరు ఉంది. మూడువందల పన్నెండు పేజీలూ ఉన్నాయి. కానీ తెరిచి చూస్తే అక్షరాలున్న చోటల్లా ఖాళీ గళ్లు. ముందుమాట గళ్లు, రోగి నాడి చూడటం గళ్లు, రెండో పేజీలో ఆమె పేరు ఉండాల్సిన చోట నాలుగు గళ్లు.

అంతసేపూ బిగబట్టుకున్న పిన్ని అప్పుడు నిజంగా విరుచుకుపడింది. "ఇదండీ మీరు నాకిచ్చింది. పద్దెనిమిది మంది ఉండే ఇంట్లో పుట్టి, నలుగురి వెనక నిలబడి బతికాను. నా పేరు ఒక పుస్తకంలో పడుతుందంటే పిచ్చిదానిలా మురిసిపోయాను. దాన్ని గళ్లు చేశారు."

ఈసారి బాబాయి మొహం నిజంగా వాడిపోయింది. "ఫాంట్లు ఈ డిస్కులో లేవు, అందులో ఉంటాయి. పది నిమిషాలు ఇవ్వు," అన్నాడు. పది అని ముప్పై చేశాడు గాని, చచ్చిన డిస్కులోంచి అక్షరాల ఫైళ్లు ఒక్కొక్కటే ఏరి తెచ్చి పెట్టాడు. గళ్లు ఒక్కసారిగా అక్షరాలై నిలబడ్డాయి. పేజీలు లెక్క పెడితే మూడువందల పన్నెండే వచ్చాయి. అప్పుడు సమయం మూడున్నర.

బాబాయి లేచి, నడుం పట్టుకుని, టార్చి వెలిగించి, ఇంటిల్లిపాదీ వినేలా తీర్పు చెప్పాడు. "దోషి తేలిపోయింది. మెమరీ పలకల కింద దుమ్ము."

"దుమ్మా?" అంది కూతురు. "అప్‌గ్రేడ్ మధ్యలో దుమ్ము లేచి ఆపేసిందా?"

"దుమ్మును తక్కువ అంచనా వెయ్యకు. కేసు మూసేశాను."

ఈ మనిషి ఈ జన్మకి మారడు అనుకుంటూ పిన్ని కళ్లజోడు సవరించుకుని పనిలో పడింది. నాలుగు దిద్దుబాట్లూ చేసింది. మొదటి నుంచి చివరి దాకా ఒక్కో పేజీ తిప్పింది. నాలుగూ యాభైకి పంపింది. అయిదు నిమిషాలకి ప్రెస్సాయన ఫోనొచ్చింది. "అందాయమ్మా. చక్కగా ఉన్నాయి. సోమవారం ఇంకో పుస్తకం పంపిస్తున్నాను, చేస్తావుగా?"

ఫోను పెట్టేసి, పొద్దుట్నించీ మొదటిసారి గుండెల నిండా ఊపిరి పీల్చుకుని, పిన్ని లేచింది. అలవాటు ప్రకారం కుర్చీని ఒక్క తోపు తోసింది.

టక్ మంది. కుర్చీ ఎప్పటిలా బల్ల కిందకి పూర్తిగా పోలేదు, బెత్తెడు ఇవతలే ఆగిపోయింది. మళ్లీ తోసింది. మళ్లీ టక్. వంగి చూసింది. మధ్యాహ్నం కొట్టిన చెక్కముక్క బల్ల కాళ్ల దగ్గర లేదు, ఊగడానికీ దానికీ ఏ సంబంధమూ లేదు. 'జి' బటనుకి సరిగ్గా ముందు, కుర్చీ చెయ్యి ఎత్తుకి కొలిచినట్టు కొట్టి ఉంది. కుర్చీ వెనక్కి లాగి దాని చెయ్యి చూసింది. నల్ల రెక్సిన్ మీద చిన్న రూపాయంత గుండ్రటి నొక్కు, మధ్యలో తిరగబడ్డ 'జి'.

కుర్చీ తోసింది తను. ఆ విసురుకి కుర్చీ చెయ్యి వెళ్లి బటను మీద బిగుసుకుంది. నొక్కి పట్టుకుంటే పడుకుంటుంది. అరవై మూడు శాతం దగ్గర పడుకుంది. బాబాయి బాల్కనీలోంచి వచ్చి చూసి, మొట్టమొదట కుర్చీని వెనక్కి లాగి, ఆ తరవాతే కేకేశాడు.

పిన్ని నేల మీద చతికిలబడింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. పొద్దుట్నించీ ఆ మనిషిని ఎన్ని మాటలంది. దొంగ అంది, అద్దంలో చూసుకోమంది. తెలిసి కూడా ఒక్కమాట తిరిగి అనలేదు. తననొక్కదాన్నే ఏమీ అడగలేదు. కళ్లజోడు తీసి సోఫాలో పడేసి, కొంగుతో కళ్లు తుడుచుకుని, నెమ్మదిగా వంటింట్లోకి నడిచింది. అక్కడ అత్తగారూ కూతురూ టీ తాగుతున్నారు.

"అత్తయ్యా, అప్పట్లో మీ రేడియో ఏమైంది?"

అత్తగారు గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించింది. "బకెట్లో పడేశానమ్మా. స్నానాల గదిలో పెట్టుకుని వింటుంటే జారింది. వాడికి చెప్పకు, తేమ అనుకుంటున్నాడు పిచ్చివెధవ."

పిన్ని కూతురి వైపు తిరిగింది. "కెటిల్?"

"నీళ్లు పొయ్యకుండా పెట్టా," అంది కూతురు. "నాన్నకి తెలీలేదులే."

"రిమోట్?"

"అది కూడా నేనే. నాన్న ఎంక్వైరీలో మనం భలే తప్పించుకుంటామమ్మా."

పిన్నికి నవ్వొచ్చింది, దాంతోపాటే ఇంకా పెద్దగా ఒళ్లు మండింది. ఇరవై ఏళ్లుగా ఇంట్లో అందరూ ఆయన్ని బోల్తా కొట్టించామనుకుని బతుకుతున్నారు. ఒక్కణ్ణీ పట్టుకోలేని చేతకాని డిటెక్టివ్ అని తను తిడుతూ వచ్చింది. అంత అరిచాక, అంత టార్చి వేశాక, దోషి దుమ్మో తేమో అని తేలితే ఇంక ఇంట్లో ఎవరి వైపూ ఎవరూ వేలు చూపించరు. అందుకా ఈ గోల. ఆ ముక్క ఇరవై ఏళ్లలో ఒక్కసారైనా చెప్పి చావచ్చుగా.

పిన్ని హాల్లోకి తిరిగొచ్చేసరికి ఆయన నేల మీద కూర్చుని మిగిలిన స్క్రూలు లెక్కపెడుతున్నాడు.

"కుర్చీ తోసింది నేను," అంది పిన్ని. అత్తగారూ కూతురూ వెనకే వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"ఏ కుర్చీ?"

"నాటకాలొద్దు. ఆ కుర్చీ. ఆ బటను. నేనే ఆపేశాను."

బాబాయికి ఎక్కడ లేని కోపం వచ్చింది. "నిన్నెవరడిగారు? విచారణ చేసింది నువ్వా నేనా? మూసేసిన కేసు తెరవడానికి నువ్వెవరు?"

"మరి ఆ చెక్క ఎందుకు కొట్టారు?"

"నా మోకాలు తగులుతోందని కొట్టుకున్నాను. నా బల్ల, నా మోకాలు. ప్రతిదానికీ లెక్క చెప్పాలా?"

"బల్ల ఊగుతోందన్నారుగా అప్పుడు."

"మోకాలు తగిలే ఊగుతోంది."

"సరే, ఇది చెప్పండి. పెళ్లయిన కొత్తలో ఇస్త్రీపెట్టె కాలిపోయింది. స్విచ్చి ఆపకుండా బజారుకి వెళ్లింది నేను. మీరేమన్నారు?"

"ఎలుక వైరు కొరికింది."

"అప్పుడు మనం అద్దెకున్నది కొత్తగా కట్టిన బిల్డింగు. ఐదో అంతస్తు. మన కన్నా ముందు ఆ ఇంట్లోకి దోమ కూడా రాలేదు. ఎలుక ఎలా వచ్చింది?"

"లిఫ్టెక్కి వచ్చింది," అన్నాడు బాబాయి తడుముకోకుండా. "నేను లిఫ్టుల మనిషిని. ఏవి ఎక్కుతాయో ఏవి ఎక్కవో నాకు తెలీదా? ఇంక ఈ విషయం మీద ఎవరైనా మాట్లాడారో, బాగుండదు." అని చరచరా వెళ్లి సోఫాలో దభీమని కూర్చున్నాడు.

కటుక్ మంది.

బాబాయి మెల్లగా, చాలా మెల్లగా పక్కకి జరిగి, కిందనుంచి పిన్ని కళ్లజోడు తీశాడు. ఒక అద్దం రెండు ముక్కలైంది. ఒక కాడ వంకర తిరిగింది. సోమవారం ఇంకో పుస్తకం వస్తోందని ఆయనకీ తెలుసు. ఇంటిల్లిపాదీ ఆయన వైపు చూశారు. ఇరవై ఏళ్లలో మొదటిసారి వరసలో నిలబడాల్సిన వైపు బాబాయి ఉన్నాడు.

పిన్ని ముందుకొచ్చి, ఆయన జేబులోంచి టార్చి లాక్కుని వెలిగించి, కళ్లజోడుని తిప్పి తిప్పి చూసింది. టార్చి ఎత్తి ఆయన మొహం మీద కొట్టింది. ఆయన తల వంచుకున్నాడు.

"దీన్ని ఎవరు ముట్టుకున్నారు?" అంది.

పిన్ని ఇంకాస్త పరీక్షగా చూసి, టార్చి ఆర్పి, ఆయన జేబులో తిరిగి పెట్టేసింది.

"ఎలుక," అంది.

"ఇప్పుడే చూశాను నేను," అంది అత్తగారు గుమ్మంలోంచి. "లిఫ్టెక్కి వచ్చింది."

"అదే నేను చెప్పేది," అన్నాడు బాబాయి చాలా గంభీరంగా, విరిగిన ముక్క కోసం సోఫా కింద వెతుకుతూ.